దేశం పద్దుకు తాళం వేయాలా?



అప్పు అంటే మనకు భయం. ఆ భయం ఊరికే రాలేదు. నూటికి మూడు రూపాయలు, అయిదు రూపాయలు నెల వడ్డీ కట్టినవాళ్లం మనం. పుస్తెలు తాకట్టు పెట్టినవాళ్లు మనలో ఉన్నారు. అప్పు చేసి పప్పుకూడు తినొద్దని పెద్దలు చెప్పారు. ఆ మాట మనం మరచిపోలేదు.

అందుకే ఎవరైనా వచ్చి ఇట్లా అంటే మనకు వెంటనే నచ్చుతుంది: "మనం ఇల్లు ఎట్లా నడుపుకుంటామో ప్రభుత్వం కూడా దేశాన్ని అట్లాగే నడపాలి. వచ్చిన దానిలోనే ఖర్చు పెట్టాలి. ఒక్క రూపాయి కూడా మించకూడదు. ఈ మాట రాజ్యాంగంలోనే రాసేద్దాం."

వినడానికి ఇది మంచి మాటే. అయినా అమెరికా దేశంలో వెయ్యి మందికి పైగా ఆర్థిక శాస్త్రం చదివినవాళ్లు దీన్ని వద్దన్నారు. వాళ్లలో నోబెల్ బహుమతి పొందినవాళ్లు 11 మంది ఉన్నారు. వాళ్లెవరూ దుబారా చేయమని చెప్పేవాళ్లు కాదు. మరి ఎందుకు వద్దన్నారు? ఆ నియమం వస్తే కష్టకాలంలో ఎవరి నోటి దగ్గర కూడు పోతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

బడ్జెట్టు అంటే ఏమిటి?

ప్రభుత్వానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మన దగ్గరి నుంచే. సబ్బు కొంటే అందులో పన్ను ఉంటుంది. అగ్గిపెట్టె కొన్నా పన్ను ఉంటుంది. పెద్ద జీతాలవాళ్లు జీతం మీద పన్ను కడతారు. కంపెనీలు లాభం మీద పన్ను కడతాయి. ఇదంతా జమ.

బడులు, ఆసుపత్రులు, రోడ్లు, సైన్యం, రేషను బియ్యం, పింఛన్లు. వీటికి పెట్టేది ఖర్చు.

వచ్చే ఏడాది ఎంత జమ అవుతుంది, ఎంత ఖర్చవుతుంది అని ప్రభుత్వం ముందుగానే లెక్క వేస్తుంది. ఆ లెక్కను చట్టసభలో పెడుతుంది. అదే బడ్జెట్టు.

జమ 100 రూపాయలు, ఖర్చు 100 రూపాయలు అయితే అది సమతుల బడ్జెట్టు. అంటే రెండూ సరిసమానం.

జమ 100, ఖర్చు 95 అయితే మిగులు బడ్జెట్టు.

జమ 100, ఖర్చు 110 అయితే లోటు బడ్జెట్టు. ఆ 10 రూపాయలు ప్రభుత్వం అప్పు తేవాలి.

లోటు ఉండాలా, వద్దా? ఉంటే ఎంత ఉండాలి? దీన్ని ఏ ఏటికా ఏడు ప్రజలు ఎన్నుకున్న సభ్యులు చర్చించి తేల్చుకోవచ్చు. లేదంటే "లోటు ఎప్పుడూ ఉండకూడదు" అని రాజ్యాంగంలో ఒక్కసారే రాసి తాళం వేయొచ్చు. మన ప్రశ్న ఆ తాళం గురించే.

రాజ్యాంగం అంటే దేశానికి పునాది చట్టం. మామూలు చట్టాన్ని సభలో సగానికి మించి ఓట్లు వస్తే మార్చుకోవచ్చు. రాజ్యాంగాన్ని మార్చడం అంత తేలిక కాదు. అందులో ఒకసారి రాసినదాన్ని తీసేయడం ఇంకా కష్టం.

అమెరికాలో ఏం జరిగింది?

అమెరికా పార్లమెంటును కాంగ్రెసు అంటారు. మన కాంగ్రెసు పార్టీకీ దానికీ సంబంధం లేదు. అందులో రెండు సభలు ఉన్నాయి. కింది సభలో 435 మంది సభ్యులు. పై సభ పేరు సెనేటు. అందులో 100 మంది.

అక్కడ రాజ్యాంగం మార్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. సెనేటులో అయితే 67 ఓట్లు. ఆ తర్వాత 50 రాష్ట్రాల్లో 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి.

సమతుల బడ్జెట్టు నియమాన్ని రాజ్యాంగంలో పెట్టాలని అక్కడ చాలాసార్లు ప్రయత్నించారు. 1982లో సెనేటు ఒప్పుకుంది. కింది సభలో ఓట్లు చాలలేదు. 1995 జనవరిలో కింది సభ ఒప్పుకుంది. 300 మంది అవునన్నారు, 132 మంది కాదన్నారు. విషయం సెనేటుకు వచ్చింది.

1995 మార్చి 2న సెనేటులో ఓటింగు జరిగింది. రిపబ్లికన్ పార్టీ వాళ్లు దీన్ని గట్టిగా కోరుతున్నారు. ఆ పార్టీలో ఒక్కరు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన పేరు మార్క్ హాట్‌ఫీల్డ్. ఒరెగాన్ రాష్ట్రం ఆయనది. సొంత పార్టీ వాళ్లు ఎంతో ఒత్తిడి తెచ్చారు. "కావాలంటే పదవికి రాజీనామా చేస్తాను, దీనికి ఓటు మాత్రం వేయను" అనేదాకా వెళ్లాడాయన. ఆ రాజీనామా వద్దన్నాడు పార్టీ నాయకుడు బాబ్ డోల్.

సవరణ ఓడిపోయింది. లెక్కలో 65 ఓట్లు పడ్డాయి. మళ్లీ ఓటింగు పెట్టించే వీలు ఉండాలని డోల్ తన ఓటును చివర్లో మార్చుకున్నాడు. అంటే నిజానికి తక్కువైంది ఒక్క ఓటే.

1997 మార్చి 4న మళ్లీ ఓటింగు జరిగింది. ఈసారి 66 ఓట్లు వచ్చాయి. మళ్లీ ఒక్క ఓటే తక్కువ! ఆ తర్వాత 2011లోనూ, 2018లోనూ కింది సభలో ప్రయత్నించారు. కావలసినన్ని ఓట్లు రాలేదు.

ఒక్క ఓటు విలువ ఎంతో చూశారా?

కోరేవాళ్లు ఏమంటారు?

వాళ్ల మాట కూడా న్యాయంగా వినాలి. వాళ్లు ఇట్లా అంటారు:

"నాయకులు ఎన్నికల ముందు వరాలు ఇస్తారు. డబ్బు లేకపోతే అప్పు తెస్తారు. ఆ అప్పు మన పిల్లల నెత్తిన పడుతుంది. వడ్డీలకే డబ్బంతా పోతుంది. మామూలు చట్టం పెడితే దాన్ని తప్పించుకుంటారు. అందుకే రాజ్యాంగంలో పెట్టాలి."

ఇందులో నిజం లేకపోలేదు. అప్పుకు వడ్డీ కట్టాల్సిందే. మన కేంద్ర ప్రభుత్వం సంగతే చూడండి. 2025-26 బడ్జెట్టులో ప్రతి రూపాయి ఖర్చులో 20 పైసలు వడ్డీలకే చూపించారు. ఆ 20 పైసలతో ఎన్ని బడులు కట్టొచ్చు! ఎన్ని ఆసుపత్రులు పెట్టొచ్చు!

కాబట్టి ప్రభుత్వం పొదుపుగా ఉండాలి అనే దాంట్లో తగాదా లేదు. పొదుపుకు ఈ తాళమే మందా అన్నదే తగాదా. ఈ మందు రోగాన్ని పెంచుతుందని వద్దన్నవాళ్లు చెప్పారు. వాళ్ల కారణాలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి కారణం: అప్పులన్నీ ఒకటి కావు

"ఇల్లు నడుపుకున్నట్టు దేశం నడపాలి" అంటున్నారు కదా. సరే, మన ఇల్లే చూద్దాం. మనం అసలు అప్పే చేయమా?

పొదుపు సంఘంలో అప్పు తీసి గేదెను కొంటాం. పాలు అమ్మి వాయిదాలు కడతాం. వాయిదాలు తీరాక గేదె మనదే. కుట్టుమిషను కొంటాం. బిడ్డను చదివిస్తాం. ఇల్లు కట్టుకుంటాం. ఇల్లు కట్టే డబ్బంతా ఒకే ఏడాది కూలిలో నుంచి తీయగలమా? తీయలేం. అందుకే అప్పు తెచ్చి పదేళ్లు తీరుస్తాం.

పండగకు గొప్పలకు పోయి చేసిన అప్పు వేరు. గేదె కోసం చేసిన అప్పు వేరు. ఈ తేడా మనలో ఎవరికి తెలియదు?

దేశానికైనా అంతే. ఒక వంతెన కడితే యాభై ఏళ్లు నిలుస్తుంది. ఇవాళ్టి వాళ్లూ నడుస్తారు, రేపటి పిల్లలూ నడుస్తారు. దాని ఖర్చంతా ఈ ఏడాది పన్నులోనే కట్టాలంటే ఎవరూ వంతెన కట్టరు. అమెరికాలో తెచ్చిన సవరణలో ఈ తేడా లేదు. విందుకు పెట్టిన రూపాయి, వంతెనకు పెట్టిన రూపాయి రెండూ ఒకటే. ఏడాదిలో పెట్టిన మొత్తం ఖర్చు ఆ ఏడాది జమను మించకూడదు, అంతే.

"అక్కడి రాష్ట్రాలు ఇట్లాంటి నియమంతోనే నడుస్తున్నాయి కదా?" అని కొందరు అడుగుతారు. నిజమే. అమెరికాలో 50 రాష్ట్రాలు ఉంటే 49 రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఈ నియమం ఉంది. కాని అది రోజువారీ ఖర్చులకు సంబంధించింది. బడి కట్టడానికి, రోడ్డు వేయడానికి ఆ రాష్ట్రాలు అప్పు తెచ్చుకుంటూనే ఉన్నాయి.

ఇంకో సంగతి. చెడ్డ ఏడాది వస్తే ఆ రాష్ట్రాలు టీచర్లను తీసేస్తాయి. ఆసుపత్రుల ఖర్చు కోస్తాయి. అప్పుడు కేంద్రం ఆదుకోవాలి. 2009లో అట్లాగే జరిగింది. కేంద్రం అప్పు తెచ్చి రాష్ట్రాలకు బడుల కోసం, వైద్యం కోసం డబ్బు ఇచ్చింది. కేంద్రం చేతులు కూడా కట్టేస్తే ఇంకెవరు ఆదుకుంటారు?

రెండో కారణం: కరువులో కోత పెడితే కరువు పెరుగుతుంది

ఇది ముఖ్యమైన కారణం. నిదానంగా చదవండి.

ఒక ఊళ్లో మిల్లు ఉందనుకోండి. మిల్లు మూతపడింది. రెండు వందల మందికి పని పోయింది. వాళ్ల చేతిలో డబ్బు లేదు. కూరగాయలు కొనడం తగ్గించారు. కూరగాయలమ్మే అవ్వకు బేరం తగ్గింది. అవ్వ మనవరాలికి గౌను కుట్టించడం మానేసింది. కుట్టుమిషను అక్కకు పని తగ్గింది. ఆ అక్క పాలు పోయించుకోవడం మానేసింది. పాలు పోసే ఆమెకు రాబడి తగ్గింది.

చూశారా? ఒకరి ఖర్చు ఇంకొకరికి రాబడి. అందరూ ఒకేసారి చేయి ముడుచుకుంటే అందరి రాబడీ పడిపోతుంది.

ఇట్లాంటప్పుడు ప్రభుత్వం పద్దు ఏమవుతుంది? పనులు లేవు కాబట్టి పన్నులు రావు. జమ తగ్గుతుంది. పని పోయినవాళ్లకు సాయం చేయాలి. ఖర్చు పెరుగుతుంది. లోటు దానంతట అదే వస్తుంది. ఎవరూ దుబారా చేయకపోయినా వస్తుంది.

ఇంట్లో అయితే రాబడి తగ్గినప్పుడు ఖర్చు తగ్గిస్తాం. అది సరే. ప్రభుత్వం కూడా అదే సమయంలో ఖర్చు తగ్గిస్తే? పన్నులు పెంచితే? అసలే బేరాలు లేని సంతలో మరో పెద్ద కొనుగోలుదారు కూడా వెళ్లిపోయినట్టే. ఇంటికీ దేశానికీ ఇదే పెద్ద తేడా.

ఇది ఉత్త మాట కాదు. అమెరికాలో రెండుసార్లు జరిగింది.

1929లో అక్కడ పెద్ద ఆర్థిక మాంద్యం మొదలైంది. మాంద్యం అంటే వ్యాపారాలు, పనులు పడిపోయే కాలం. బ్యాంకులు మూతపడ్డాయి. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అప్పటి అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ బడ్జెట్టు సరిసమానం చేయాలని పట్టుబట్టాడు. 1932లో పన్నులు బాగా పెంచారు. మాంద్యం తగ్గలేదు. 1933 నాటికి నలుగురు పనివాళ్లలో ఒకరికి పని లేదు. గంజి కోసం జనం బారులు తీరి నిలబడ్డారు.

1933లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడయ్యాడు. ప్రభుత్వం డబ్బు పెట్టి రోడ్లు, వంతెనలు, బడులు కట్టించింది. జనానికి పని దొరికింది. పరిస్థితి మెల్లగా కుదుటపడింది. 1937లో ఆయన "ఇక బాగయింది, లోటు తగ్గించుకుందాం" అనుకున్నాడు. పనుల పథకాలకు డబ్బు తగ్గించాడు. కొత్త పన్నులు కూడా ఆ ఏడాదే వసూలుకు వచ్చాయి. బ్యాంకుల దగ్గర అప్పు పుట్టడం కూడా బిగుసుకుంది. అన్నీ కలిసి దెబ్బ కొట్టాయి. పని లేనివాళ్లు నూటికి 14 మంది ఉన్నది 19 మంది అయ్యారు. 1938లో ప్రభుత్వం మళ్లీ ఖర్చు పెంచింది. అప్పుడు పరిస్థితి తిరిగి మెరుగయింది.

రూజ్‌వెల్ట్ తన దారి మార్చుకోగలిగాడు. ఎందుకంటే రాజ్యాంగంలో తాళం లేదు. ఉంటే ఏమయ్యేది? ఆలోచించండి.

మూడో కారణం: ముసలివాళ్ల పింఛను

అమెరికాలో 1935లో ఒక పెద్ద చట్టం వచ్చింది. దాని పేరు సోషల్ సెక్యూరిటీ. అంటే సామాజిక భద్రత. పనిచేసేవాళ్లు జీతంలో నుంచి కొంత కడతారు. యజమానీ కొంత కడతాడు. ముసలితనంలో నెల నెలా పింఛను వస్తుంది. ఈ చట్టం తయారుచేసిన సంఘానికి అధ్యక్షురాలు ఒక స్త్రీ. ఆమె పేరు ఫ్రాన్సెస్ పెర్కిన్స్. అమెరికా కేంద్ర మంత్రివర్గంలో మొట్టమొదటి మహిళ ఆమే.

నెలవారీ పింఛను మొదట అందుకున్నది కూడా స్త్రీయే. ఆమె పేరు ఇడా మే ఫుల్లర్. 1940 జనవరి 31 తేదీతో ఆమెకు మొదటి చెక్కు వచ్చింది. 22 డాలర్ల 54 సెంట్లు. ఇప్పటికీ ఈ పింఛను తీసుకునేవాళ్లలో సగానికి మించి ఆడవాళ్లే.

ఈ పింఛను కోసం ఒక నిధి ఉంది. చాలా ఏళ్లు ఆ నిధిలోకి వచ్చిన డబ్బు ఎక్కువ, ఇచ్చిన పింఛను తక్కువ. మిగిలింది దాచారు. ముసలివాళ్లు ఎక్కువయ్యే కాలానికి పనికొస్తుందని దాచారు. ఆ కాలం వచ్చింది. 2021 నుంచి దాచిన డబ్బు తీసి వాడుతున్నారు.

ఇప్పుడు సవరణ మాట చూడండి. "ఈ ఏడాది ఖర్చు ఈ ఏడాది జమను మించకూడదు." దాచిన డబ్బు తీస్తే అది ఈ ఏడాది జమ కిందికి రాదు. ఇచ్చిన పింఛను మాత్రం ఈ ఏడాది ఖర్చు కిందికి వస్తుంది!

మన సంఘంతో పోల్చి చూద్దాం. పదేళ్లు వారం వారం పొదుపు కట్టాం. ఇవాళ మోకాళ్ల నొప్పి, పని చేయలేం. మన పొదుపు మనం తీసుకుందామని వెళ్లాం. అప్పుడు లెక్కలు రాసే ఆమె "ఈ నెల ఎంత జమ అయిందో అంతే ఇస్తాం. పాత పొదుపు తీయకూడదని నియమం" అంటే? మనం ఊరుకుంటామా?

1997లో చాలామంది సెనేటర్లు సరిగ్గా ఈ కారణం చెప్పారు. పింఛను నిధిని ఈ లెక్కలో నుంచి తీసేయమన్నారు. కోరేవాళ్లు ఒప్పుకోలేదు. దాంతో వాళ్లు వద్దని ఓటు వేశారు.

నాలుగో కారణం: యుద్ధానికి తలుపు తెరుస్తుంది, వరదకు మూస్తుంది

"కష్టకాలం వస్తే నియమం సడలించొచ్చు కదా?" అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే.

సవరణలో సడలింపు రాశారు. లోటు కావాలంటే రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో నూటికి 60 మంది ఒప్పుకోవాలి. సెనేటులో 60 మంది. అంటే 41 మంది కాదంటే చాలు, ఆగిపోతుంది. 59 మంది అవునన్నా లాభం లేదు. కొద్దిమంది చేతిలోకి తాళంచెవి పోతుంది. "మాకు ఫలానాది ఇస్తేనే ఓటు వేస్తాం" అని వాళ్లు బేరాలు పెడతారు. పని పోయి ఆకలితో ఉన్నవాళ్లు ఆ బేరం తెగేదాకా కాచుకోవాలి.

అదే యుద్ధం అయితే? ప్రకటించిన యుద్ధానికైనా, దేశానికి ముప్పు తెచ్చే సైనిక పోరుకైనా సగానికి మించి ఓట్లు ఉంటే చాలని రాశారు. తుపాకులకు తలుపు తేలికగా తెరుచుకుంటుంది. వరదకు, భూకంపానికి, రోగానికి, నిరుద్యోగానికి తెరుచుకోదు. ఇదెక్కడి న్యాయం?

ఏ ఖర్చు కోయాలో కూడా సవరణ చెప్పదు. మరి కోత ఎవరికి పడుతుంది? గట్టిగా అరవగలిగేవాళ్లకు పడదు. నోరు లేనివాళ్లకే పడుతుంది. పిల్లల భోజనం, ముసలివాళ్ల వైద్యం, పేదల ఇళ్లు ముందు పోతాయి. ప్రభుత్వం నియమం తప్పిందని ఎవరైనా కోర్టుకు వెళితే? డబ్బు దేనికి పెట్టాలో జడ్జీలు తేల్చాల్సి వస్తుంది. జడ్జీలకు మనం ఓటు వేయం. వాళ్లను మనం నిలదీయలేం.

కరోనా నేర్పిన పాఠం

2020 సంవత్సరం మనలో ఎవరూ మరచిపోలేదు. పనులు ఆగిపోయాయి. బస్సులు ఆగిపోయాయి. మూటలు నెత్తిన పెట్టుకొని జనం వందల మైళ్లు నడిచారు.

అమెరికాలో 2020 ఏప్రిల్‌లో నూటికి 14 మందికి పైగా పని లేకుండా పోయారు. ప్రభుత్వం పెద్ద ఎత్తున అప్పు తెచ్చింది. పెద్దవాళ్లకు తలకు 1200 డాలర్ల దాకా పంపింది. పని పోయినవాళ్లకు మామూలు భృతికి తోడు వారానికి 600 డాలర్లు కొన్ని నెలలు ఇచ్చింది. ఆ డిసెంబరు నాటికి పని లేనివాళ్లు నూటికి 7 మంది లోపుకు తగ్గారు. మన తెలుగువాళ్లు లక్షల మంది ఆ దేశంలో ఉన్నారు. వాళ్లూ ఆ కష్టకాలం చూశారు.

మన దేశంలో? జనధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు 2020 ఏప్రిల్ నుంచి మూడు నెలలు, నెలకు 500 రూపాయల చొప్పున వేశారు. 20 కోట్ల మందికి పైగా అందుకున్నారు. ఆ డబ్బు చాలా తక్కువని మనం అనొచ్చు. ఆ మాట నిజమే. కాని ఆ 500 రూపాయలు కూడా రాకపోతే?

ఉపాధి హామీ పథకం సంగతీ చూద్దాం. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. 2020-21 బడ్జెట్టులో దానికి ముందుగా 61,500 కోట్ల రూపాయలు రాశారు. కరోనా వచ్చాక మే నెలలో మరో 40,000 కోట్లు కలిపారు. పట్నం నుంచి తిరిగొచ్చినవాళ్లు పలుగూ పారా పట్టి ఆ డబ్బుతోనే నాలుగు మెతుకులు తిన్నారు.

పన్నులు పడిపోయిన ఏడాదిలో ఈ డబ్బు ఎక్కడిది? చాలా భాగం అప్పే.

మన దేశంలో ఏ నియమం ఉంది?

మన రాజ్యాంగంలో సమతుల బడ్జెట్టు నియమం లేదు. 292వ అధికరణం ప్రకారం, కేంద్రం ఎంత అప్పు చేయొచ్చో పార్లమెంటు చట్టం చేసి హద్దు పెట్టవచ్చు. అంటే హద్దు పెట్టే అధికారం మనం ఎన్నుకున్న సభ చేతిలోనే ఉంచారు.

2003లో పార్లమెంటు అట్లాంటి చట్టం చేసింది. దాన్ని ఆర్థిక బాధ్యత చట్టం అని పిలుచుకోవచ్చు. దేశంలో ఏడాదిలో పండినవి, తయారైనవి, జరిగిన పనులు, అన్నిటి విలువ 100 రూపాయలు అనుకుంటే, కేంద్రం లోటు 3 రూపాయలకు తగ్గాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2005లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా రాష్ట్రానికి ఇట్లాంటి చట్టం చేసింది.

2020-21లో కేంద్రం లోటు 9 రూపాయలు దాటింది. చట్టం కాబట్టి సడలింది. తర్వాత ఏడాదికేడాది తగ్గించుకుంటూ వచ్చారు. సడలించినప్పుడు ఎందుకు సడలించారో పార్లమెంటుకు చెప్పాలి. మనం ప్రశ్నించవచ్చు. చట్టం గట్టు లాంటిది. వరద వస్తే గండి కొట్టి నీళ్లు వదలొచ్చు, తర్వాత పూడ్చుకోవచ్చు. రాజ్యాంగంలో రాసిన తాళం అట్లా కాదు.

తాళం వేసుకున్న దేశం ఏమైంది?

జర్మనీ దేశం 2009లో రాజ్యాంగంలోనే అప్పుకు హద్దు పెట్టుకుంది. అది పూర్తి తాళం కూడా కాదు. కొద్దిపాటి లోటుకు చోటు ఉంచారు. ఆపద వస్తే సడలింపు కూడా పెట్టారు. కరోనాలో సడలించారు కూడా.

కరోనా కోసం అనుమతించిన అప్పులో 6,000 కోట్ల యూరోలు మిగిలాయి. యూరో వాళ్ల డబ్బు. దాన్ని వాతావరణాన్ని కాపాడే పనులకు మళ్లించారు. 2023 నవంబరులో అక్కడి రాజ్యాంగ కోర్టు అది చెల్లదని కొట్టేసింది. ప్రభుత్వం బడ్జెట్టు తలకిందులైంది. అక్కడ పాత వంతెనలు, పాత రైలు దారులు బాగుచేయాల్సి ఉంది. డబ్బు తేవడానికి దారి లేదు. చివరికి 2025 మార్చిలో రాజ్యాంగాన్నే మార్చారు. సైన్యానికి పెట్టే ఖర్చులో పెద్ద భాగాన్ని హద్దులో నుంచి తీసేశారు. రోడ్లు, రైళ్ల లాంటి పనులకు 50,000 కోట్ల యూరోల అప్పు తెచ్చుకునే వీలు పెట్టుకున్నారు.

అమెరికా ఇంకో పాఠం చెబుతుంది. 1997లో సవరణ ఓడిపోయింది. తాళం లేదు. అయినా 1998 నుంచి 2001 దాకా వరసగా నాలుగేళ్లు అక్కడ మిగులు బడ్జెట్టు వచ్చింది. ఎట్లా వచ్చింది? పనులు బాగా దొరికాయి. పన్నులు బాగా వచ్చాయి. ఖర్చుల మీద సభలు మామూలు చట్టాలతోనే అదుపు పెట్టుకున్నాయి. మంచి కాలంలో దాచుకోవడానికి రాజ్యాంగం మార్చనక్కరలేదు. బుద్ధి ఉంటే చాలు.

మరి మనం ఏం చేయాలి?

తాళం వద్దు అంటే ఇష్టం వచ్చినట్టు అప్పు చేయమని కాదు. కాపలా కావాలి. ఆ కాపలా మనమే. ప్రభుత్వం అప్పు చేస్తున్నదని విన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి.

ఒకటి: ఈ అప్పు దేనికి? గేదె లాంటి దానికా, గొప్పల విందుకా?

రెండు: ఇప్పుడు ఎట్లాంటి కాలం? కరువు కాలమా, మంచి కాలమా? మంచి కాలంలో కూడా అప్పు పెరుగుతుంటే నిలదీయాలి.

మూడు: దీన్ని ఎవరు తీరుస్తారు? ఉన్నవాళ్ల మీద పన్ను వేసి తీరుస్తారా, పేదల బడిలో కోత పెట్టి తీరుస్తారా?

ఈ ప్రశ్నలు అడగాలంటే లెక్క తెలియాలి. లెక్క తెలియాలంటే చదవాలి. పంచాయతీ జమాఖర్చులు గ్రామసభలో చదివి వినిపించమని అడిగే హక్కు మనకుంది. అక్కడి నుంచే మొదలుపెడదాం. ఊరి పద్దు అడగడం నేర్చుకున్న ఆడవాళ్లు రాష్ట్రం పద్దు, దేశం పద్దు కూడా అడుగుతారు.

సంఘంలో మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఇప్పటిదాకా చేసిన అప్పుల్లో ఏది మేలు చేసింది? ఏది కీడు చేసింది?

2. 2020లో మీ ఊళ్లో పని లేనివాళ్లు ఎట్లా బతికారు? ప్రభుత్వం నుంచి ఏమేం అందాయి?

3. ప్రభుత్వం ఖర్చు తగ్గించాల్సి వస్తే మొదట ఏది తగ్గించాలి? ఏది అసలు తగ్గించకూడదు?

4. మీ పంచాయతీకి పోయిన ఏడాది ఎంత జమ అయింది? ఎంత ఖర్చయింది? కనుక్కొని రాయండి.

కొత్త మాటలు

బడ్జెట్టు: రాబోయే ఏడాది జమాఖర్చుల లెక్క
లోటు: జమ కంటే ఖర్చు ఎక్కువ కావడం
మిగులు: ఖర్చు కంటే జమ ఎక్కువ కావడం
సమతుల బడ్జెట్టు: జమ, ఖర్చు సరిసమానంగా ఉన్న లెక్క
రాజ్యాంగం: దేశానికి పునాది చట్టం
సవరణ: చట్టంలో, రాజ్యాంగంలో చేసే మార్పు
మాంద్యం: పనులు, వ్యాపారాలు పడిపోయే కాలం